చెంచాల చదువు

మా ఆయనకు సూడాన్‌లో టీచరు ఉద్యోగం ఖాయమైన మర్నాటి నుంచి మా ఇంట్లో అన్నానికి చెయ్యి తగలడం నేరమైంది. డెబ్బైల చివరి మాట. హన్మకొండ సుబేదారిలో రెండు గదుల పోర్షన్ మాది, చాప పరుచుకుని తినేవాళ్లం. ఆ చాప మీదే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, ఒక చేతికి చెంచా, ఇంకో చేతికి ముళ్ల చెంచా ఇచ్చి, తాను చెక్క స్కేలు పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. వరంగల్ పిల్లలకు భూగోళం పాఠాలు చెప్పి బతికిన మనిషి! అయినా ఫారిన్ అనగానే ఆయన కళ్లకు తెల్లదొరలే కనిపించారు.

"ఆ దేశపోళ్లు చెంచాలతోటే తింటరని మీకెవరు చెప్పిండ్రు?" అని అడిగాను.

"ఫారిన్ అంటే ఫారినే. నీకేం తెలుస్తది?" అన్నాడు.

ఆయన ముళ్ల చెంచా మీద పప్పన్నం నోటిదాకా ఏనాడూ నిలవలేదు. లుంగీ మీద పోసుకుని, మేం చూడలేదనుకుని దులుపుకునేవాడు. ఇంటి ఓనరమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "జర గట్టిగనే నేర్పియ్యుండ్రి సారూ, ఆడికి పోయినంక మన ఇజ్జత్ పోవద్దు" అనేది. కాజీపేట దాటి ఎరగని ఆవిడ దగ్గర కూడా విదేశీ మర్యాదల మీద సలహాలున్నాయి.

ఏడేళ్ల కొడుకు ఎలాగో నెట్టుకొచ్చాడు. నాలుగేళ్ల పాపకు చేతకాలేదు. వేళ్లు కంచంలో పెట్టగానే వాటి మీద స్కేలు పడేది. కొన్నాళ్లకు అది ఏడవడం మానేసింది, తినడం కూడా మానేసింది. ఆయన బయటికి వెళ్లాక నేను వంటింట్లో ముద్దలు కలిపి పెడితే, చేతులు రెండూ వెనక్కి దాచుకుని నోరు మాత్రం తెరిచేది. పిల్ల ఎముకలు తేలుతుంటే, దారికొచ్చిందని ఆయన మురిసిపోయాడు. ఆ మనిషిని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

సూడాన్ చేరిన కొత్తల్లో స్కూలు హెడ్మాస్టరు మమ్మల్ని భోజనానికి పిలిచాడు. కొత్తవాళ్లమని ఆడా మగా అందరినీ ఒకేచోట నేల మీద కూర్చోబెట్టారు. మధ్యలో పెద్ద పళ్లెం, పలుచటి రొట్టెలు, మాంసం పులుసు. వాళ్లంతా చేతులు కడుక్కుని, రొట్టె తుంచి అందులోనే అద్దుకుని తింటున్నారు.

నా సంచిలో మా ఆయన పెట్టించిన చెంచాలు ఉన్నాయి. వాటి ఊసే ఎత్తకుండా ఆయన టై భుజం మీదికి వేసుకుని, పుట్టినప్పటి నుంచీ ఆ పళ్లెంలోనే తింటున్నట్టు వేళ్లు నాకుతూ మొదలుపెట్టాడు. సిగ్గయినా పడలేదు.

పాప ముట్టుకోలేదు. చేతులు వెనక్కి దాచుకుని, పళ్లెంలోకి వచ్చే ఒక్కో చెయ్యినీ భయంగా చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, "డాడీ, వీళ్లందర్ని ఎప్పుడు కొడ్తవ్?" అని అడిగింది.

పాప ఏమంటోందని హెడ్మాస్టరు నవ్వుతూ అడిగాడు.

"వంట చాలా బాగుందంటోంది" అని ఇంగ్లిషులో చెప్పి, మా ఆయన ఇంకో ముక్క అందుకున్నాడు.