రిలీవర్ వచ్చేదాకా

మా ఫుట్‌బాల్ క్లబ్ కమిటీలో ఏడుగురం. ఏడుగురమూ కిరందుల్ రైల్వే లైన్‌లో పనిచేసి రిటైరైనవాళ్ళమో, ఇంకా పనిచేస్తున్నవాళ్ళమో. అందుకే క్లబ్‌ని కూడా రైల్వేలాగే నడుపుతాం. రైల్వేలో బదిలీ ఆర్డరు వచ్చినా, ఆ స్థానంలోకి రిలీవర్ వచ్చి ఛార్జి తీసుకునేదాకా పాతవాడు కదలడానికి లేదు. ఆర్డరు జేబులో పెట్టుకుని ఆరు నెలలు అదే స్టేషన్‌లో పడి ఉన్నవాళ్ళను నేను చూశాను. రెండేళ్ళ కిందట మా సెంటర్ ఫార్వర్డ్ విషయంలో మమ్మల్ని ముంచబోయింది ఆ అలవాటే.

అతనిది కోంటా వైపు ఊరు. ఇంట్లో దోర్లీ, మాతో తెలుగు, మైదానంలో హిందీ. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఎడమకాలి ఆటగాడు. గోల్‌కీపర్ ముఖం చూడడు, మోకాళ్ళు చూస్తాడు. బరువు ఏ మోకాలి మీద పడితే ఆ పక్కకే కొడతాడు, ఆ కాలు ఇక లేవదని అతని లెక్క. అతను వచ్చాకే మా జట్టు జిల్లా లీగ్‌లో పై వరుసకు చేరింది.

అతను మాకు రెండేళ్ళకు కాగితం రాసిచ్చాడు. ఆ సీజన్‌తో గడువు అయిపోతుంది. దీపావళి వెళ్ళాక కొత్త కాగితం ముందు పెడితే “చూద్దాం” అన్నాడు. సంక్రాంతి దాటాక మళ్ళీ అడిగితే సంతకం పెట్టనన్నాడు. రాయపూర్‌లో ఒక పెద్ద క్లబ్ వాళ్ళు అతని గురించి ఆరా తీస్తున్నారని అప్పటికే రైల్వే కాలనీ అంతటికీ తెలుసు.

కమిటీ కూర్చుంది. మా ప్రెసిడెంటు రిటైర్డ్ గార్డు, శ్రీకాకుళం వైపు మనిషి.

“సంతకం ఎట్టనోణ్ణి ఆడించడమేటి? బెంచీ మీద కూకోబెట్టండి. రెండు మేచీలు సూస్తే కాళ్ళు దురదెట్టి ఆడే వొస్తాడు” అన్నాడు.

“రాకపోతే?” అన్నాను.

“రాపోతే ఏటవుద్ది? మనం రిలీవ్ సెయ్యందే ఎక్కడికెల్తాడు?”

అందరూ తలూపారు. దాచుకోవడం ఎందుకు, నేనూ ఊపాను. ఇరవై ఏళ్ళుగా గూడ్సు బండి నడుపుతున్నవాణ్ణి. నా బుర్ర కూడా ఆ పట్టాల మీదే నడుస్తుంది.

తరువాతి మ్యాచ్ నగర్‌నార్ జట్టుతో. అతను బెంచీ మీద బూట్లు కట్టుకునే కూర్చున్నాడు, లేసులు విప్పలేదు. మా వాళ్ళు గంటన్నర సేపు ఆ ఎర్రమట్టిలో పరుగెత్తారు గాని గోల్ వైపు ఒక్క మంచి దెబ్బ లేదు. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం, పాత పాయింట్ల పుణ్యాన సెమీఫైనల్ మాత్రం దక్కింది. గట్టు మీద నుంచి ఎవడో అరిచాడు: “గార్డుగారూ! జెండా ఊపండి, బండి కదల్లేదు!” మైదానమంతా నవ్వింది. ప్రెసిడెంటు తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ రోజే నాకు అనుమానం పుట్టింది. నిజంగానే మనం వదలకపోతే అతను వెళ్ళలేడా?

నేను పదో తరగతితో ఆపేశాను. ఆ తరువాత చదివిందంతా మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలోనే. రెండు బీరువాలు, ఒక బల్ల, కాలు విరిగిన కుర్చీ. ఆ రెండు బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదని గర్వంగానే చెప్తాను. అడుగు అరలో పాత ఆటల పత్రికల కింద లీగ్ నిబంధనల పుస్తకం ఉంది, హిందీలో. ఆఫీసు కాగితాల హిందీ నాకు అంత పట్టుబడదు. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. దొరికింది. మధ్యలో వెళ్ళాలంటేనే క్లబ్ ఉత్తరం కావాలి. గడువు తీరాక ఆటగాడు ఎవరినీ అడగక్కర్లేదు. రిలీవర్ లేడు, ఛార్జి లేదు. కాగితం దానంతట అదే చచ్చిపోతుంది.

ఆ పత్రికలూ మళ్ళీ తిరగేశాను. సముద్రాల అవతల పెద్ద పెద్ద క్లబ్బులకూ ఇదే తలనొప్పి. చదివినదాంట్లోంచి నాకు తేలింది ఇది: గడువు దగ్గరపడ్డాక అడిగితే ఆలస్యమైనట్టే. కాగితానికి రెండో ఏడు మొదలవకముందే ఆటగాడితో కూర్చోవాలి. ఉండనంటే, కావాలన్న క్లబ్‌తో అప్పుడే మాట్లాడుకుని పంపాలి. ఆ సమయమూ దాటిపోతే చివరి రోజు దాకా ఆడించాలి, మనసారా. బెంచీ మీద కూర్చోబెట్టిన క్లబ్ అతణ్ణి రెండుసార్లు పోగొట్టుకుంటుంది, ఇవాళ ఆటలోంచి, రేపు ఊళ్ళోంచి. ఈ మాట ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను.

పొద్దున్నే మైదానానికి వెళ్ళాను. మా సెంటర్ ఫార్వర్డ్ ఒక్కడే గోడకు బంతి కొడుతున్నాడు.

“ఏందన్నా, నువ్వు గూడ సంతకం పెట్టుమననీకి వచ్చినవా?”

“కాదు. ఎందుకు పెట్టవో అడగడానికి వచ్చాను.”

బంతిని కాలి కింద ఆపాడు. “ఇన్ని దినాలకు అడిగినవ్. పెడితే ఇంక రెండేండ్లు. అప్పటికి నాకు ఇరవయ్యెనిమిది. ఆ వయసోణ్ణి రాయపూర్ల ఎవలు తీసుకుంటరు? సెమీఫైనల్ చూడనీకి వస్తమన్నరు వాళ్ళు. బెంచీ మీద కూసుంటే ఏం చూస్తరు, నా బూట్లా?”

“మా మీద కోపమా?”

“కోపమేంది? ఈ క్లబ్బే నన్ను ఆటగాణ్ణి చేసింది. ఆడనియ్యుండ్రి, అంతే.”

సెమీఫైనల్‌కు తొమ్మిది రోజులు. అతనికి అదొక్కటే దారి. నేను మళ్ళీ కమిటీని కూర్చోబెట్టాను.

“లైబ్రరీ బావు పుస్తకంతో వొచ్చేడు. ఇంకేటుంది, తెల్లారిపోద్ది” అన్నాడు ప్రెసిడెంటు.

నిబంధన చదివి వినిపించాను. ఎవరూ నమ్మలేదు. మళ్ళీ చదివాను. అప్పటికీ “కాగితంలో అలాగే రాస్తారు” అన్నారు. అప్పుడు పుస్తకం మూసేశాను.

“గార్డుగారూ, ఈ కొండల ఘాట్ లైన్‌లోకి కొత్త డ్రైవరు వస్తే ఏం చేస్తాం? మొదటి రోజే బండి చేతికిస్తామా?”

“ఎలగిస్తాం? రోడ్ లెర్నింగ్ సెయ్యాలి కదా. పాతోడి పక్కన నిలబడి ఏ వొంపులో ఏటి సెయ్యాలో సూసుకోవాలి.”

“మరి పాతవాణ్ణి ముందే ఇంజను లోంచి దించేస్తే రోడ్డు ఎవరు చూపిస్తారు?”

“ఎవుడికి నేర్పుతాడు?” అన్నాడాయన.

“మన రైట్ వింగర్‌కి. ఆ ట్రాక్‌మన్‌కి.”

“ఆడిది ఉత్త కుడికాలు కదయ్యా!”

“అందుకే నేర్పించాలి.”

ఒప్పుకున్నాడు. కాగితం లేదు, మాట మాత్రమే. చివరి రోజు దాకా అతను ఆడతాడు, రోజూ ప్రాక్టీసు అయ్యాక ట్రాక్‌మన్‌కు ఒక గంట ఇస్తాడు. అతనితో చెప్తే నవ్వి, “గంటెందుకన్నా, వాడు అలిసేదాక” అన్నాడు.

సెమీఫైనల్‌లో రెండు గోల్స్ కొట్టాడు. రెండోది గోల్‌కీపర్ కుడి మోకాలి పక్క నుంచి. రాయపూర్ వాళ్ళు కుర్చీల్లోంచి లేచి చూశారు. ఫైనల్ ఓడిపోయాం, అది వేరే సంగతి. గడువు తీరిన మర్నాడు పొద్దున బండికి అతను రాయపూర్ బయలుదేరాడు. ప్లాట్‌ఫారం చివర ప్రెసిడెంటు నిలబడి ఉన్నాడు, చంకలో ఇంట్లో దాచుకున్న పాత పచ్చజెండాతో. బండి కదిలాక దాన్ని ఊపాడు. అసలు గార్డు వెనక పెట్టె లోంచి కేకలేశాడు. ఈయన లెక్కచేయలేదు.

ఆ ట్రాక్‌మన్ ఇప్పుడు మా సెంటర్ ఫార్వర్డ్. అతని కాగితానికి ఇంకా ఏడాది పైనే ఉంది. మొన్న మైదానం దగ్గర ప్రెసిడెంటే అడిగాడు:

“ఆణ్ణి అడిగేవేటి? ఉంటాడా, ఎల్తాడా?”

“అడిగాను. ఉంటాడట.”

“నువ్వే సెప్పేవా ఉండమని?”

“నేను కాదు. రాయపూర్ నుంచి పాతవాడు ఫోన్ చేశాడట. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఆడమన్నాడట, ఎడమకాలు ఇంకా రాలేదట.”