ఉయ్యాల సారు కూర్చున్న ఉయ్యాలలు

ఉయ్యాల సారు తన ఒంటి బరువుతో ఊళ్ళో నలభై రెండు ఉయ్యాలలు విరగ్గొట్టాడు. మొదటిది విరిగిన చప్పుడుకి పక్క వీధి బడిలో పిల్లలు ఇంటిబెల్లు అనుకుని సంచులు సర్దుకున్నారు. ఆఖరుది విరిగినప్పుడు చెట్టు మీది కాకులు సకుటుంబంగా ఊరు మారాయి. ఈ లెక్క నగరపాలక సంస్థ జీపు డ్రైవరుది. ఎనిమిదో తరగతి మధ్యలో చదువుకి దండం పెట్టి స్టీరింగు పట్టుకున్నవాడు. పన్నెండు కాకుల్ని చూస్తే నూట ఇరవై అని చెప్పందే అతనికి మంచినీళ్ళు దిగవు. సారు విషయంలో మాత్రం తను అబద్ధమాడలేదనీ, ఊరికే కాస్త గాలి కొట్టాననీ అతని వాదన. టైరుకి గాలి కొడితే తప్పెలా అవుతుంది?

సారు పార్కుల ఇన్‌స్పెక్టరు. నూట పన్నెండు కిలోల మనిషి. ఆయన నిలబడితే గుమ్మానికి తలుపు అక్కర్లేదు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. పిల్లలు ఆడుకునే వస్తువు ఏదైనా సరే, తను ఎక్కి ఆడితే తప్ప రిపోర్టు మీద సంతకం పెట్టడు. చూసి రాయడు, అడిగి రాయడు. చెప్పులు విడిచి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, పెన్ను చెవిలో దోపుకుని ఎక్కుతాడు.

"సార్, యాభై ఏడేళ్ళొచ్చాయి మీకు. జనం చూస్తున్నారు," అనేవాడు డ్రైవరు.

"చూడనీ. వాళ్ళ వంతు వచ్చేదాకా ఆగమను."

సీ-సా బల్ల కనపడితే డ్రైవరుకి గుండె జారేది. దానికి రెండో కొసన ఒకడు కూర్చోవాలి కదా. డ్రైవరు తూగేది నలభై ఎనిమిది కిలోలే. సారు ఇటు కూర్చోగానే డ్రైవరు అటు ఆకాశంలో తేలేవాడు. సారు కింద తీరిగ్గా నోటుబుక్కు తెరిచేవాడు.

"సార్, దించండి."

"ఉండవయ్యా, బోల్టు గురించి రాస్తున్నా."

"ఇక్కణ్ణించి మా ఇల్లు కనపడుతోంది సార్."

"మీ ఆవిడ కనపడితే భోజనానికి ఆలస్యమవుతుందని చెప్పు."

అలాంటి రోజుల్లోనే నగరపాలక సంస్థ పార్కుల కోసం బాండ్లు అమ్మింది. అంటే జనం దగ్గర అప్పు తెచ్చి, ఇరవై ఏళ్ళలో తీర్చడమన్నమాట. అప్పు సొమ్ము కాబట్టి ఒక షరతు పెట్టారు. దానితో కొత్తవి కట్టొచ్చు, కొత్తవి కొనొచ్చు, పాతవాటికి మరమ్మతు మాత్రం చేయకూడదు. మరమ్మతులకి వేరే నిధి ఉంది. అందులో ఎప్పుడూ దుమ్మే. ఊళ్ళో అరవై పార్కులుంటే, వచ్చిన డబ్బు ఇరవైకే చాలుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అని వరస పట్టిక రాసే పని సారు నెత్తిన పడింది. ఆయన ఒకటో నంబరులో మిల్లు ఇళ్ళ పార్కు రాశాడు.

మిల్లు కూలీలుండే ఆ ఇళ్ళు రెండేసి గదులవి. తలుపు తీస్తే రోడ్డు, రోడ్డు మీద లారీలు. అక్కడి పిల్లలకి పరుగెత్తడానికి ఉన్నది ఆ పార్కొక్కటే. పార్కులో ఉన్నవి రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల. పట్టిక రాసిన వారమే ఉయ్యాలలు రెండూ సారు కింద ఫెళ్ళుమన్నాయి. సారు లేచి, ప్యాంటు దులుపుకుని, 'పూర్తిగా విరిగినది, కొత్తది కావలెను' అని రాసుకున్నాడు. ఆయన ముఖం పరీక్ష పాసైనవాడి ముఖంలా ఉంది. నేల మీద వెల్లకిలా పడినవాడికి అంత సంబరమేమిటో డ్రైవరుకి అప్పుడు బోధపడలేదు.

పట్టిక మీద పార్కుల కమిటీ సభ జరిగే రోజున కమిటీ అధ్యక్షురాలి కారు మొరాయించింది. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. అందరూ పెద్ద మేడం అంటారు. ఆవిడ నవ్వగా చూసినవాడు ఆఫీసులో లేడు. అలాంటావిడ వచ్చి జీపెక్కేసరికి డ్రైవరుకి అదో పందెంలా తోచింది.

"మిల్లు ఇళ్ళ పార్కు సంగతి విన్నారా మేడం? మా సారు ఇలా కూర్చున్నాడు, స్తంభాలు వేళ్ళతో సహా లేచొచ్చాయి. మరి రెండో ఉయ్యాల ఏం చేసిందనుకున్నారు? సారు దానివైపు తిరిగాడో లేదో, భయంతో తనే విరిగి కూర్చుంది!"

మేడం నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వింది. ఆ ఊపులో డ్రైవరు జీపుని రెండు వీధులు ఎక్కువ తిప్పి, సారు చేత ఇంకో నాలుగు ఉయ్యాలలు విరగ్గొట్టించాడు.

సభలో ఒకటో నంబరు చదవగానే మేడం నవ్వు ఆపుకోలేక పెదవులు బిగబట్టింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఈ ఉయ్యాలలు పాతబడి విరిగాయా, మీరు కూర్చుంటే విరిగాయా?"

హాలు గొల్లుమంది. గోడకానుకుని తాళంచెవి తిప్పుతున్న డ్రైవరు అందరికంటే ముందు నవ్వాడు.

సారు లేచాడు. అబద్ధం ఆయనకి చేతకాదు. అడిగినదానికి మించి ఒక్క ముక్క చెప్పడమూ చేతకాదు.

"నేను కూర్చుంటేనే విరిగాయండి."

"అయితే అది పార్కు లోటు కాదు, మీ బరువు," అంది మేడం.

మిల్లు ఇళ్ళ పార్కు ముప్పై ఒకటో నంబరుకి జారింది. రంగుల దీపాల ఫౌంటెన్ ఒకటో నంబరులోకి దర్జాగా వచ్చి కూర్చుంది. ఇకమీదట సారుని పార్కులకి పంపవద్దనీ, రికార్డు గదిలో వేయమనీ అక్కడికక్కడే రాసేశారు. డ్రైవరు వేలి మీద తాళంచెవి ఆగిపోయింది. 'ఆ కథ నేనల్లింది' అని ఒక్క మాట అంటే చాలు. ఊరంతా తిరిగి వాగే నోరు ఆ ఒక్క మాటకీ పెగల్లేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు జీపులో గొణిగాడు. "సార్, ఊరికే నవ్వుకోడానికని..."

"రెండో ఉయ్యాల భయపడి విరిగిందని మేడంతో అన్నావట కదా, అది బాగుందయ్యా," అన్నాడు సారు. ఇల్లు రాగానే దిగిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే డ్రైవరుకి ఆ పూట అన్నం దిగేది.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఉయ్యాల ఎక్కడం మాట అటుంచి, జీపే దిగడు. కిటికీలోంచి చూసి 'బాగున్నది' అని రాసేస్తాడు. ఓ రోజు మిల్లు ఇళ్ళ పార్కు దగ్గర డ్రైవరే ఉండబట్టలేక దిగి జారుడుబల్ల చూసొచ్చాడు.

"పై మెట్టు ఊగుతోంది సార్."

"ఊగుతోంది, విరగలేదుగా? అది మరమ్మతు కిందికొస్తుంది. బాండు డబ్బు రాదు. ఉత్తరం రాసి పడేద్దాం."

"విరిగితే?"

"విరిగితే కొత్తది రాసుకోవచ్చు. లిస్టులో పైకి కూడా పోతుంది. అయినా ఎవరు విరగ్గొడతారయ్యా? ఏ పిల్లాడో ఎక్కి పడాలి."

డ్రైవరు బండి స్టార్టు చేయబోయి ఆగిపోయాడు. జీపు ముందు అర లాగాడు. ఉయ్యాల సారు వదిలేసిన పాత నోటుబుక్కు, దాని కింద ఉత్తరాల నకళ్ళు కట్టగా ఉన్నాయి. 'గొలుసు కొక్కెం అరిగినది, మార్పించగలరు.' నెల తర్వాత అదే ఉత్తరం. ఇంకో నెలకి మళ్ళీ అదే. నోటుబుక్కులో ఆ తేదీల కింద సారు చేతిరాతతో రెండు ముక్కలు: 'జవాబు లేదు. ఈ రోజు కూర్చున్నాను.' పేజీ తిప్పితే ఇంకో పార్కు, ఇంకో మూడు ఉత్తరాలు, ఈ రోజు కూర్చున్నాను. పిల్లల వంతు వచ్చేలోగా ఆయన తన వంతు తీసుకున్నాడన్నమాట.

రెండేళ్ళకి గానీ రెండో విడత బాండ్లు రాలేదు. ఈలోగా మిల్లు ఇళ్ళలో ఉయ్యాల ఈడు పిల్లలు ఉయ్యాల ఈడు దాటిపోయారు. ఒట్టి స్తంభాల మధ్య గోలీలాటకి గీతలు గీసుకుని, అవీ మానేసి, లారీల వెనక పరుగులు నేర్చారు. ఆ పిల్లలకి ఆ రెండేళ్ళు ఏ విడతలోనూ రావు. ఆ వీధిలోంచి పోయేటప్పుడు డ్రైవరు ఎవరికీ ఏ కథా చెప్పేవాడు కాదు.

ఈసారి సభలో జనం ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడవచ్చన్నారు. అప్పటికి సారు రిటైరయ్యాడు. డ్రైవరు బతిమాలితే వచ్చి, ఎందుకైనా మంచిదని చివరి వరసలో ఇనప కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. డ్రైవరు ఉత్తరాల కట్ట తీసుకుని ముందుకెళ్ళాడు.

"మేడం, ఆ రోజు జీపులో నేను చెప్పింది కథ. జరిగింది ఇదీ." కట్ట బల్ల మీద పెట్టాడు. "జారుడుబల్ల కూడా విరిగింది మేడం. అది నా పని. మూడు ఉత్తరాలు పెట్టాకే ఎక్కాను. నా బరువుకి అది లొంగలేదు. జీపు స్టెప్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అప్పుడు విరిగింది."

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. ఉత్తరాలు ఒక్కొక్కటే తిప్పింది. ప్రతిదాని మూలనా తమ కమిటీ ముద్రే ఉంది: 'అందినది'. తర్వాత పెన్ను తీసి ముప్పై ఒకటి కొట్టేసి ఒకటి వేసింది.

"రెండేళ్ళు ఆలస్యం చేశాను," అంది.

"మనిద్దరం చేశాం మేడం," అన్నాడు డ్రైవరు.

ఆవిడ నివేదిక కాగితం ముందుకు లాక్కుంది. "నివేదికలో రాయాలి. ఇన్‌స్పెక్టరు గారు మొత్తం ఎన్ని విరగ్గొట్టారు?"

అంతసేపూ నిజాలే చెప్పి డ్రైవరు నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ఆ ప్రశ్నతో ప్రాణం లేచొచ్చింది.

"నలభై రెండు మేడం! మొదటిది విరిగిన చప్పుడుకి పక్క వీధి బడిలో..."

చివరి వరసలో ఇనప కుర్చీ కిర్రుమంది. సారు లేచి నిలబడ్డాడు.

"విరిగినవి పద్నాలుగండి. నలభై రెండు, నేను రాసిన ఉత్తరాలు."