రెండున్నర తాకాల దూరం

అన్న పోయిన మూడో రోజు సూరత్‌లో తాపి నది ఒడ్డున పిట్టకు పెట్టాం. మావైపు చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేమిటో కనుక్కుని, తీరుస్తామని పైకి చెప్పాలి. కాకి ముట్టేదాకా భార్య మెతుకు ముట్టదు.

వదినెకు షుగరు. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఎండ ఎక్కుతోంది, ఆమె చేతులు వణుకుతున్నాయి. కాకి ప్రహరీ గోడ మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది. విస్తరి వైపు చూడటం లేదు.

విస్తట్లో అన్నం, కోడికూర, గుడ్డు, అన్న రోజూ పొద్దున తినే శనగపిండి లోచో, ఒక బీడీ కట్ట ఉన్నాయి.

“మందు లేకుంటె ఎట్ల ముడుతడు?” అన్నాడు మేనమామ. అన్నీ తెలిసినవాడని ఆయన్నే ముందు నిలబెట్టాం. “మందు బంద్ ఉన్న గుజరాత్‌ల సచ్చినందుకు సోడాతోనే సర్దుకోవాలె పాపం.”

“బాపు తాగడు కదా తాతా,” అంది అన్న కూతురు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇప్పుడు కాలేజీలో ఉంది.

“తాగనోళ్లకు గూడ పెట్టాలె. మనసుల ఉంటది.”

ఇంతలో ఒక పావురం వచ్చి అన్నం మెతుకు ఎత్తుకుపోయింది. పిల్ల ఎగిరి గంతేసింది. “హో గయా! అమ్మా, తిను!”

“పావురం లెక్కలకు రాదు,” అన్నాడు మామ.

“పిట్ట అంటే బర్డే కదా! పావురం బీ బర్డే!”

“నీకు తెల్వది, ఊకో బిడ్డా.”

ఇక్కడ అన్న గురించి చెప్పాలి. సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాలు నడిపేవాడు. డుమస్ బీచ్‌లో బెలూన్లు కొట్టే గాలి తుపాకీ తప్ప మరో తుపాకీ పట్టలేదు. ఇంట్లో కోడిని కోస్తుంటే వీధిలోకి వెళ్లి నిలబడేవాడు. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట ఫోన్‌లో ఎల్క్ వేట వీడియో ఒకటి కనబడింది. ఎల్క్ అంటే అమెరికా కొండల్లో తిరిగే దుప్పి జాతి జంతువు, మన కణుజు కన్నా చాలా పెద్దది. అక్కడ లైసెన్సు తీసుకుని వేటాడతారు. అన్నకు ఇంగ్లీషు రాదు. పగలంతా మగ్గాల మోతలో ఉండేవాడికి మాటలతో పెద్దగా పని కూడా లేదు. మరీ అర్థం కానిచోట నన్ను అడిగేవాడు. నేను ఊరి బయట పల్సానాలో ఒక మిల్లు ఆఫీసులో పనిచేస్తాను, పుస్తకాలు చదివే అలవాటుంది. అతని కోసం తూటాల గురించి చదవబోయి నేనూ అందులో పడ్డాను.

ఎల్క్‌కు ఏ తూటా సరిపోతుందన్నది మా తగాదా. నేను థర్టీ నాట్ సిక్స్ వైపు. దాని గుండు బరువైనది, ఎముక అడ్డొచ్చినా లోపలికి దిగుతుంది. అన్న సిక్స్ పాయింట్ ఫైవ్ వైపు. అది సన్నది, పేల్చినప్పుడు భుజానికి దెబ్బ తక్కువ.

“భుజం నొస్తదని ముందుగాలనే కండ్లు మూసుకునేటోనికి పెద్ద తూటా ఎందుకురా? పానం పోయే జాగల తాకకుంటె ఎంత పెద్దదైతేంది?” అనేవాడు.

దూరం గురించి ఇంకా పెద్ద తగాదా. ఐదు వందల గజాల దాకా కొట్టొచ్చని నేను పట్టికలు చూపించేవాడిని. అన్న మూడు వందలు దాటనిచ్చేవాడు కాదు. గజాలు మా ఊహకు అందక తాకాల్లో కొలుచుకునేవాళ్లం. తాకా అంటే మగ్గం మీంచి దిగే బట్ట చుట్ట, నూటపది మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

“రెండున్నర తాకాలు. గంతే. అవుతల ఉంటె ఇంక దగ్గరికి పోవాలె. పోరాకుంటె ఇంటికి పోవాలె. దెబ్బ తిని గుట్టలల్ల కుంటుకుంట సచ్చుడు పగోనికి గూడ వద్దు.”

ఒక ఆదివారం డుమస్‌లో తేల్చుకుందామనుకున్నాం. అన్న బెలూన్ల బండి ముందు కట్టిన తాడు దగ్గరే నిలబడి గురిపెట్టినవన్నీ పేల్చాడు. నేను బాగా వెనక్కి వెళ్లి ఎర్ర బెలూన్‌కు గురిపెట్టాను. కింది వరుసలో నీలం బెలూన్ పగిలింది. బండివాడు చప్పట్లు కొట్టాడు.

“పక్కపొంటి నిలబడ్డదాన్ని సంపినవ్ గదరా! దాని తప్పేంది?” అన్నాడు అన్న. టమాటా భజియా తిన్నంతసేపూ నీలం బెలూన్ పిల్లల గతి ఏమిటని అడుగుతూనే ఉన్నాడు.

“ఒప్పుకుంటవా?” అన్నాడు చివరికి.

“ఒప్పుకోను.”

ప్రతి ఆదివారం ఇదే ప్రశ్న, ఇదే జవాబు. మొన్నటి ఆదివారం అడగలేదు. అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడు.

తాపి ఒడ్డున మామ గొంతెత్తాడు. “నీ బిడ్డను సదివిపిస్తం! ముట్టు!” కాకి కదలలేదు. “నీ వీడియోలు డిలీట్ చెయ్య బాపూ!” అంది పిల్ల. కాకి రెక్క కింద గోక్కుంది. “నీ ఫోన్ ఎవ్వలకియ్య,” అంది వదినె. దానికీ కదలలేదు. మామ మమ్మల్ని ఇంకాస్త వెనక్కి జరగమన్నాడు.

“కిత్నా దూర్, తాతా? ఒక తాకానా?” అంది పిల్ల. ఆ మాటతో వదినె నా వైపు తిరిగింది.

“తమ్మీ, నువ్వు ఒప్పుకో.”

“ఏంది?”

“గా తూటా ముచ్చట.”

కాకికీ తూటాకీ ఏం సంబంధమని అడగబోయాను. ఆమె చేతులు చూసి ఊరుకున్నాను. పక్కన ఇంకో కుటుంబం వాళ్ల విస్తరి దగ్గర నిలబడి మమ్మల్నే చూస్తోంది. సిగ్గు చంపుకుని గట్టిగా అన్నాను.

“అన్నా, సిక్స్ పాయింట్ ఫైవే సాలు!”

కాకి గోడ దిగింది.

మామ నోరు తెరుచుకుని నా భుజం పట్టుకున్నాడు. కాకి రెండు గంతులేసి ఆగింది.

“డిస్టెన్స్, కాకా! డిస్టెన్స్ చెప్పు!” పిల్ల నా చొక్కా లాగింది.

“మూడు వందల గజాలు దాటద్దు,” అన్నాను. చదివిన బుద్ధి ఆగలేదు. “గాలి లేకుంటె నాలుగు వందలు...”

కాకి ఎగిరి మళ్లీ గోడ మీద కూర్చుంది.

“గాలి గీలి బంద్ జెయ్యి!” అని అరిచింది వదినె. మూడు రోజుల తర్వాత ఆమె గొంతు పైకి లేవడం అదే. పిల్ల నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. మామ దగ్గు నటించాడు, కుదరక నవ్వేశాడు. పక్క కుటుంబంలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దేనివో విడదీసి రాయడం నాకు చేతకాదు.

“మూడు వందలే అన్నా! గాలి ఉంటె అదీ లేదు! నేనైతె నూరు గూడ దాట! నీలం బెలూన్ తప్పేం లేదు!”

కాకి దిగింది. గంతులేసుకుంటూ నేరుగా విస్తరి దగ్గరికి వెళ్లి లోచో ముక్క ఎత్తుకుపోయింది.

అది ఆకలితోనో, మేం వెనక్కి జరిగినందుకో వచ్చి ఉంటుంది. నాకు ఆ సంగతి తెలుసు. అయినా ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకోను.

వదినె అక్కడే మెట్టు మీద కూర్చుని డబ్బాలోంచి అన్నం తిన్నది. నాలుగు ముద్దలు తిన్నాక చేతుల వణుకు తగ్గింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“నిజం జెప్పాల్నంటె తమ్మీ,” అంది మెల్లగా, “గంత జంతువుకు పెద్ద తూటానే మంచిది. నీదే కరెక్టు.”

గోడ వైపు చూశాను. కాకి ఇంకా అక్కడే ఉంది.

“ఇంకా మెల్లగ, వదినే,” అన్నాను. “ముందు నువ్వు తినుడు కానియ్యి.”