నేను ఇవ్వని కాగితం

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాట. నోటి నుంచి రావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇన్నేళ్లు చాలలేదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి మిగతావే చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఇళ్ల చుట్టూ తోటలు వేయిస్తాను. ఎక్కడ దారి రావాలి, ఎక్కడ చెట్టు రావాలి, వాన పడితే నీళ్లు ఎటు పోవాలి, అన్నీ లెక్క గట్టి కాగితం మీద గీసి ఇస్తాను. చదివింది పదో తరగతి. కట్టె కోత మిషన్‌లో దుంగలు కొలుస్తూ లెక్క నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. అందుకే నా లెక్క మీద నాకు గర్వం ఎక్కువ. అందుకే దాని మీద భయం కూడా ఎక్కువ. డిగ్రీ ఉన్నవాడు తప్పు చేస్తే పొరపాటంటారు. నాలాంటివాడు చేస్తే, వీడికి అసలు ఏం తెలుసంటారు.

మట్టెవాడలో బట్టల దుకాణం ఉన్న ఒక కుటుంబం హనుమకొండ శివార్లలో ఇల్లు కట్టుకుంది. పెరట్లో ఈత కొలను తవ్వించారు. దాని చుట్టూ దారి, దారి పక్కన మొక్కలు నా పని. ఆ ఇంటి పెద్దావిడ, షావుకారు తల్లి, నన్ను ఒక్కటే అడిగింది. పూజకు పూలు కోసుకునేలా మొక్కలు చేతికందాలి. నేను కొలనుకు ఆరడుగుల దూరంలో మందారాలు, నందివర్ధనాలు పెట్టాను. మధ్యలో ఆరడుగుల బండల దారి. ఆమె ఎత్తు అడిగి మరీ మొక్కల మడి ఎత్తు లెక్క గట్టాను. అంత జాగ్రత్త.

బండలు పరిచింది కొమురయ్య. మా దిక్కు తాపీ పని చేసేవాళ్లను సుతారి అంటారు. కొమురయ్య అలాంటి ఇలాంటి సుతారి కాదు. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. అంకెలు తప్ప అక్షరాలు రావు. నీళ్ల పైపు పట్టి మట్టం చూశాడంటే ఇక ఎవరూ మళ్లీ చూసేవారు కాదు. మిగతా సుతార్లు తమ పనిలో తగువు వస్తే ఆయన్ని పిలుచుకుపోయేవారు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి.

సుతారి మట్టం చూసేటప్పుడు ముందు పైపులో నీటి అంచును బట్టి గోడల మీద చుట్టూ ఒక సుద్ద గీత గీస్తాడు. ఆ గీత నుంచి కిందికి కొలుస్తాడు. కిందికి కొలుస్తాడు కాబట్టి అంకె పెద్దదైతే నేల పల్లమని అర్థం. చిన్నదైతే మిట్ట. వాన నీళ్లు కొలను వైపు రాకుండా మొక్కల వైపు జారిపోవాలి. అంటే కొలను అంచున ముప్పై ఆరు అంగుళాలు, మొక్కల అంచున ముప్పై ఏడు ఉండాలి. నేను కొలను వైపు మిట్ట కావాలి కదా అనుకుని అక్కడే పెద్ద అంకె రాశాను. కొలను వైపు ముప్పై ఏడు, మొక్కల వైపు ముప్పై ఆరు. జీవితమంతా దుంగలు కింది నుంచి పైకి కొలిచినవాణ్ని. పెద్ద అంకె అంటే నాకు ఎత్తే. ఒక్క అంగుళం. అంతే తప్పు.

కొమురయ్య మొదటి రోజే పట్టేశాడు. కాగితం చేతిలో పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"తమ్మీ, ఇది ఉల్టా అయితాంది సూడు. నీళ్లన్నీ కొలను దిక్కే వస్తయ్. ఆడ గట్టు రాయి అడ్డమున్నది, లోపలికి పోవు, ఎన్కకు రావు. ఆడనే నిలవడి పాచి పడ్తది."

అప్పుడు షావుకారు బావమరిది పక్కనే ఉన్నాడు. ఇంజినీరు. మొదటి నుంచీ నన్ను ఓరకంట చూస్తున్నాడు. "ఏం సార్, సుతారి మీకు లెక్కలు చెప్తున్నడా?" అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. కాగితం వైపు చూడనైనా లేదు.

"లెక్క నాది, చెయ్యి నీది అన్నా. ఎవరి పని వాళ్లు జేద్దాం."

"సరే తియ్. నీ కాయితం, నీ ఇష్టం," అని కొమురయ్య నవ్వుతూనే పోయాడు. కాగితంలో ఉన్నట్టే పరిచాడు. ఎండాకాలం. తప్పు బయటపడలేదు.

కొమురయ్య వచ్చి చెప్పిన రోజు సాయంత్రమే ఇంట్లో కూర్చుని మళ్లీ లెక్క వేశాను. అవును, అప్పుడే తెలిసింది. తెలియలేదని మీకు రాయవచ్చు, ఎవరూ కాదనరు. కానీ తెలిసింది. మర్నాడు పోయి ఆపుదామనుకున్నాను. బావమరిది ముఖం గుర్తొచ్చింది. ఒక్క అంగుళమే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. జీవితంలో ఏనాడూ అర అంగుళాన్ని వదలని నేను ఆ రోజు అంగుళాన్ని ఎలా వదిలాను? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ప్రతిసారీ ఒకటే జవాబు. సిగ్గు.

వానలు వచ్చాయి. కొమురయ్య చెప్పిన చోటే నీళ్లు నిలిచాయి. చెప్పినట్టే పాచి పట్టింది. ఒక ఉదయం పెద్దావిడ పూలు కోసుకుని, సజ్జ పక్కన పెట్టుకుని కొలను గట్టు మీద కూర్చోబోయింది. కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా ఆమె కర్ర లేకుండా నడవలేదు. మళ్లీ ఆ పెరట్లోకి రాలేదు. పూలు పనిమనిషి కోసుకొచ్చేది.

షావుకారు మమ్మల్నిద్దరినీ పిలిపించాడు. అరవలేదు. "తప్పెవరిదో నాకు తెల్వాలె," అన్నాడు. అంతే. బావమరిది చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. నేను సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాను. అంతకు ముందు రోజు, పెద్దావిడ పడిందని తెలిశాక, ఇంట్లో కూర్చుని కొత్తగా గీసిన కాగితం అది. అంకెలు సరిగ్గా ఉన్నాయి. బాణం గుర్తు మొక్కల వైపు చూపిస్తోంది.

కొమురయ్య చాలాసేపు చూశాడు.

"గిది కాదు గద తమ్మీ. నేను ఉల్టా ఉన్నదని నీకు జెప్పిన గద?"

"చెప్పినవ్. నువ్వు చెప్పినంకనే సరిజేసి మల్ల రాసిచ్చిన. నువ్వు పాతదే పట్టుకొని జేసినవ్."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

ఇదీ ఆ మాట.

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. కాగితాలు అక్కడే పెట్టుకునేవాడు. సిమెంటు తడికి అవి రెండు రోజులకే పిండి అయ్యేవి. జేబు తడిమాడు. నా కళ్లలోకి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అబద్ధం చెప్పేవాడు చూపు తిప్పుకుంటాడని అందరూ అనుకుంటారు కదా. నేను అది కూడా లెక్క వేసుకున్నాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. తిడితే తిరిగి అరవడానికి సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. ఆయన ముఖంలో కనిపించింది కోపం కాదు. గుర్తు తెచ్చుకునే ప్రయత్నం. నేను ఇవ్వని కాగితాన్ని ఆయన తన మతిలో వెతుక్కుంటున్నాడు.

"ఇచ్చే ఉంటవ్ సారు," అన్నాడు చివరికి. "నా మతి ఏడున్నదో."

ఆ తర్వాత నన్ను ఎప్పుడూ తమ్మీ అనలేదు.

కూలి తీసుకోకుండా, ఒక్కడే ఆ బండలన్నీ లేపి మళ్లీ పరిచాడు. ఒక్కో వరుసకు మూడుసార్లు పైపు పట్టాడు. ప్రతిసారీ నన్ను పిలిచి, "ఇది కరెక్టేనా సారూ?" అని అడిగాడు. అంతకుముందు ఆయన ఎవరినీ అలా అడిగి ఎరగడు. నేను కరెక్టే అన్నాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అన్నాను.

తోటి సుతార్లు మొదట వేళాకోళం చేశారు. "కొమురన్నా, జర నీ పైపును గూడ దవాఖానల సూపియ్యరాదే." ఆయన నవ్వేవాడు. తర్వాత నిజంగానే దవాఖానకు పోయి కళ్లు చూపించుకున్నాడు. కళ్లు బాగానే ఉన్నాయన్నారట. అది విన్న రోజు నాకు అన్నం సహించలేదు. కళ్లలో లోపం ఉండి ఉంటే అద్దాలతో సరిపెట్టుకునేవాడు. కళ్లు బాగుంటే ఇక లోపం తలలోనే అని ఆయన తేల్చుకున్నాడు. కొన్ని నెలలకు పైపు పట్టడం మానేశాడు. ఆ తర్వాత నగరంలో కనిపించలేదు.

నాకు పనులు పెరిగాయి. కొలనులు ఇంకో నాలుగు చేశాను. కొత్త సుతార్లకు, "పెద్ద అంకె అంటే పల్లం, మర్చిపోకండి" అని చెప్తుంటాను, అదేదో నా పుట్టుకతో వచ్చిన జ్ఞానమైనట్టు. ఎక్కడ కొత్త నేల చూసినా మగ్గుతో నీళ్లు పోస్తాను. అవి ఎటు కదులుతాయో చూస్తూ నిలబడతాను. సరైన వైపు పోతున్నా ఇంకో మగ్గు పోస్తాను. వాన పడితే మా ఇంట్లోవాళ్లు కిటికీలు మూస్తారు. నేను వాకిట్లోకి పోయి నేల చూస్తాను. ఏం వెతుకుతున్నారని నా భార్య అడిగింది. లెక్క అన్నాను.

పోయిన ఎండాకాలం పూల కుండీల కోసం మరిపెడ పోయాను. రోడ్డు పక్కన సిమెంటు కుండీలు పోసే చోట ఆటో ఆపించాను. అచ్చుకు నూనె రాస్తున్న మనిషి తలెత్తాడు. కొమురయ్య. జుట్టంతా తెల్లబడింది.

"బాగున్నవా సారూ," అన్నాడు, మనస్ఫూర్తిగా. టీ తెప్పించాడు. పిల్లల గురించి అడిగాడు. పైపు పని చేయడం లేదా అన్నాను. ఎందుకడిగానో తెలియదు. బహుశా చేస్తున్నానని చెప్తాడేమోనన్న ఆశ.

"ఎందుకు సారూ, మల్ల ఎవలనన్న పడగొడితే? ఆ పెద్దమ్మ కాలు నా చేతులనే పాయె. కుండీలకు మట్టంతోని పనిలేదు. ఎట్లవెట్టినా నిలవడ్తయ్."

అప్పుడు చెప్పవలసింది. ఇద్దరమే ఉన్నాం. బావమరిది లేడు, షావుకారు లేడు. నేను కుండీలు ఎంచుకున్నాను. పన్నెండు. ఆయనే ఒక్కొక్కటి ఎత్తి ఆటోలో సర్దాడు. ఇంటికి వచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్లూ నేను నా అబద్ధాన్నే మోశాను. ఆయన ఆ ముసలామె తుంటి ఎముకను మోస్తున్నాడు. అది నాది.

మీకు చెప్తే ఆయనకు చెప్పినట్టు కాదు. తెలుసు. మరిపెడ ఇక్కడి నుంచి గంటన్నర దూరం. నన్ను ఆపుతున్నది దూరం కాదు. పోతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో ఇప్పుడు మీకూ తెలుసు. క్షమించమని కూడా అడగను. అది మీ చేతిలో లేదు.

కానీ ఇది ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, ఉన్నది ఉన్నట్టు రాసి ఉండాలి. ఆ ఇంటికి నేను ఇచ్చింది ఒకే కాగితం. దాంట్లో తప్పుంది. కొమురయ్య ఆ తప్పు చూసి నాకు చెప్పాడు. ఆయన కళ్లు బాగున్నాయి, చెయ్యి బాగుంది, మతి బాగుంది. రెండో కాగితం లేదు. నేను ఇవ్వలేదు.