వేపాకు పెట్టి బిగించిన ట్రక్కు

మా చిన్నప్పుడు... హుజూరాబాద్‌లో మా చెల్లె రజితకు అమ్మవారు పోసింది. దాన్ని వెనక అర్రలో పడుకోబెట్టి, తలుపుకు వేపమండలు కట్టారు. మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్లం, ఒక్కతే లోపలికి వెళ్లేది. నన్ను గడప కూడా తొక్కనిచ్చేది కాదు.

"అన్న పెడితెనే తింట" అని చెల్లె మొండికేసింది. పెరుగన్నం కలిపి అవ్వ ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. ఒళ్లు కాలిపోతోంది, కడుపులో మెతుకు లేదు... అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది.

పక్కింటి యూసుఫ్ తన రిమోట్ బొమ్మ ట్రక్కు పట్టుకొచ్చాడు. వాళ్ల మామూ దుబాయి నుంచి తెచ్చింది... ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు మహానుభావుడు!

"గిన్నె దీని మీద పెట్టు. నువ్వు పెట్టినట్టే అయితది" అన్నాడు.

"లోపలికి పోయిన సామాను, పిల్లకు తగ్గి నీళ్లు పోసేదాక బయటికి రాదు బిడ్డా" అంది అవ్వ.

"ఫికర్ లేదు పెద్దమ్మా."

గడపకు ఇటు మేము, అటు అవ్వ చెక్కలు వాల్చి, గిన్నె పెట్టి నడిపాం. సగం ఎక్కిందో లేదో, కర్ర్‌ర్... మోటారు తిరుగుతోంది, బండి కదలదు! లోపలి నుంచి చెల్లె, "అన్నా, ఇంక రాలే?" అంటోంది.

విప్పి చూస్తే మోటారుకున్న చిన్న గేరు పళ్లు పక్కనున్న పెద్ద గేరుకు సరిగ్గా అందడం లేదు. దగ్గరికి జరిపి గట్టిగా బిగించాం. ఈసారి అసలు తిరగనే లేదు, పైగా మాడు వాసన.

"అరె, గంత బిగ్గ కరుసుకుంటె ఎట్ల తిరుగుతది యార్? నడుమ జర సందుండాలె" అన్నాడు యూసుఫ్.

సందు పెడదామంటే, స్క్రూ తిప్పేసరికి మోటారు పక్కకు జరిగిపోతోంది. విసుగొచ్చి తలుపుకున్న మండ నుంచి ఒక వేపాకు తుంచి, రెండు గేర్ల మధ్య పెట్టాను. యూసుఫ్ మోటారును దానికేసి అదిమి పట్టాడు, నేను బిగించాను. ఆకు లాగేస్తే, దాని మందమంత సందు మిగిలింది. అంతే, అదే సరిపోయింది.

ట్రక్కు బుర్రుమంటూ గడప దాటి లోపలికి పోయింది. చెల్లె పకపకా నవ్వింది. కాసేపటికి అవ్వ గొంతు... "తింటాంది కొడుకా, తింటాంది!"

యూసుఫ్ రిమోట్ కూడా అవ్వ చేతిలో పెట్టేశాడు. "ఉండనీ పెద్దమ్మా, ఒక్కతే ఉన్నది కద, ఆడుకుంటది" అని ఖాళీ చేతులతో ఇంటికి పోయాడు.

ఇప్పుడు టీకాలొచ్చాయి... పిల్లల్ని అలా విడిగా పడుకోబెట్టే పని తగ్గింది, సంతోషమే. కానీ అడక్కుండానే తమ ప్రాణమంత బొమ్మను తెచ్చిచ్చే నేస్తాలు ఇప్పటి పిల్లలకూ దొరకాలని నా ఆశ. దొరుకుతారు కూడా... మీ చిన్నప్పటి యూసుఫ్ ఎవరో చెప్పండి, వింటాను.