పద్నాలుగు రోజుల్లో నూట ముప్పై గ్రాములు

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నవాళ్ళం నలుగురం: యాభై తొమ్మిది రోజుల మా అమ్మాయి, నా భార్య, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు, నేను. ఉన్న వస్తువులు: చీరతో కట్టిన ఉయ్యాల, పాలిచ్చేటప్పుడు ఒళ్ళో పెట్టుకునే దిండు, ఉతికి మడతపెట్టని గుడ్డలు పదకొండు, వేడినీళ్ళ ఫ్లాస్కు, డాక్టరుగారి చీటీ. చీటీ మీద రెండు బరువులు ఉన్నాయి. నలభై అయిదో రోజు టీకాకి వెళ్ళినప్పుడు 4,180 గ్రాములు. ఆ రోజు 4,310.

తీసివేత నేనే పైకి చేశాను. "పద్నాలుగు రోజుల్లో నూట ముప్పై."

ఎవరూ అడగకుండానే చేసిన తీసివేత అది.

డాక్టరుగారు మెత్తగానే చెప్పారు. ఈ వయసులో రోజుకి పాతిక, ముప్పై గ్రాములు పెరగాలి, ఇది తొమ్మిదే ఉంది. రెండు గంటలకోసారి పాలు పట్టండి, నిద్రపోతుంటే లేపి పట్టండి, పది రోజులాగి మళ్ళీ చూద్దాం. అప్పటికీ పెరగకపోతే పొడిపాలు కూడా ఇద్దాం, అందులో తప్పేం లేదు అన్నారు. బెంగళూరు కాడుగోడిలో మా ఇంటికి ఆటోలో వస్తూ నా భార్య ఆ చివరి ముక్క గురించే అడిగింది.

"తప్పేం లేదు అని ఆవిడ ఎందుకు చెప్పినట్టు? నేను అడగలేదు కదా."

ఆమెకి పొడిపాల మీద కోపం లేదు. రెండు నెలలుగా ఆమె స్నానం, తిండి, నిద్ర అన్నీ ఒక్క పని చుట్టూ తిరుగుతున్నాయి. ఆ పని చాలడం లేదని ఇప్పుడు చీటీ రాసిచ్చారు. ఆ పది రోజుల్లో మా ఇంట్లో తేలాల్సింది అదొక్కటే: ఆమె పాలు పిల్లకి చాలుతున్నాయా, లేదా.

అత్తగారు చర్చి స్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఏ సమస్యకైనా ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంటుంది. ఆ సాయంత్రమే తెలగపిండి కూర మొదలైంది. పొద్దున వెల్లుల్లి వేయించి నెయ్యన్నంలో, మధ్యాహ్నం తెలగపిండి, సాయంత్రం మెంతులు వేసిన గంజి. పెరుగు లేదు. మంచినీళ్ళు ఎక్కువ తాగనిచ్చేవారు కాదు, బాలింత పొట్ట జారిపోతుందని. నీళ్ళు తాగమని డాక్టరుగారు చెప్పారని నేనంటే, "ఆవిడ ఎంతమందిని కన్నారో అడిగారా బాబూ?" అన్నారు. అడగలేదు. అత్తగారు లేనప్పుడు గ్లాసు అందించేవాణ్ణి, నా భార్య గడగడా తాగేసి గ్లాసు తుడిచి ఇచ్చేసేది.

నా వంతుగా ఫోనులో ఒక పట్టిక పెట్టాను. పాలు పట్టిన సమయం, ఏ పక్క, ఎన్ని నిమిషాలు, తడిపిన గుడ్డలు, నిద్రలోంచి లేపామా, తనే లేచిందా. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. కనిపించే దాన్ని వరసలో పెట్టడం తప్ప సాయం చేయడానికి నాకు ఇంకో దారి తెలియదు. ఇంటి నుంచే పని చేస్తూ రెండు గంటలకోసారి అలారం మోగగానే గదిలోకి వెళ్ళేవాణ్ణి.

పాలు చాలడం లేదు అనుకుంటూ పాలివ్వడం ఎలా ఉంటుందో ఆ రోజుల్లో దగ్గర నుంచి చూశాను. పిల్ల హాయిగా నిద్రపోతుంటే ఉయ్యాలలోంచి తీసి, గుడ్డలు విప్పి, అరికాళ్ళు గిల్లి, చెవి నులిమి లేపాలి. లేచి నాలుగు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూస్తుంది. తడిగుడ్డతో మొహం తుడవాలి. ఏడుస్తుంది. ఏడుపు ఆపి తాగించేసరికి నలభై నిమిషాలు. తేపు తెప్పించి పడుకోబెట్టేసరికి గంట దాటుతుంది. అంటే ఇంకో గంటలోపే మళ్ళీ అలారం. ఆ గంటలోనే ఆమె తినాలి, స్నానం చేయాలి, పగిలిన చోట మందు రాసుకోవాలి, మిగిలితే పడుకోవాలి. మిగిలేది కాదు.

"ఎడమ పక్క తొమ్మిది నిమిషాలే," అన్నాను మూడోరోజు.

"నీ ఆఫీసులో మిషను ఆగిపోతే ఏం చేస్తావు?"

"ఆపి మళ్ళీ ఆన్ చేస్తాం."

"నన్ను కూడా ఒకసారి ఆపెయ్. ఆన్ చేసే సంగతి తర్వాత చూద్దాం."

నవ్వుతూ అందనుకున్నాను. తల ఎత్తి చూస్తే నవ్వడం లేదు.

నాలుగోరోజు భోజనానికి ముందు అత్తగారు ప్రార్థన చేశారు. ఎప్పటిలాగే పంట పండించినవాళ్ళని, వండినవాళ్ళని దీవించమని, చివర్లో, "ఈ తల్లికి పాలు సమృద్ధిగా ఇవ్వండి ప్రభువా" అన్నారు. నా భార్య కళ్ళు తెరవకుండానే అంది.

"ఆయనకి కూడా చెప్పేశావా అమ్మా?"

"చెప్పక? ఎవరికి చెప్పమంటావే?"

"ఎవరికీ చెప్పకు. కింద ఆంటీకి చెప్పావు, పిన్నికి చెప్పావు, ఇప్పుడు పైకి కూడా వెళ్ళింది కబురు."

అత్తగారు ఆమేన్ అనేశారు. కూర వడ్డించారు. నా భార్య రెండు ముద్దలు తిని, అలారం మోగితే లేచింది.

ఆరోరోజు మధ్యాహ్నం, కింద ఆంటీ, అంటే మా ఇంటి ఓనరు, పైకి వచ్చారు. వాళ్ళు తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు. అప్పుడే పాలు తాగిన పిల్లని నేను భుజాన వేసుకుని తిప్పుతున్నాను. ఆవిడ పిల్ల మొహం చూడలేదు, కాళ్ళు చూశారు.

"కాళ్ళు బోడిగా ఉండాయే. నేనిచ్చిన కడియాలు యాడికి పోయినాయప్పా?"

"ఒరుసుకుని దద్దుర్లు వచ్చాయండి. కడియాలు, మొలతాడు, చేతి మురుగులు అన్నీ తీసేశాం. పది రోజులైంది."

"అయ్యో, సుమ్నే, ఊరికే తీసేసినారు. నగర్తపేటలో మా తమ్ముని చేత చేయించినా. బోలువి కాదప్పా అవి, గట్టి వెండి. జత తొంభై గ్రాములు ఉండాది."

ఆవిడ తమ్ముడి పనితనం గురించి ఇంకా చెబుతున్నారు. నాకు తొంభై దగ్గర వినడం ఆగిపోయింది.

పిల్లని అత్తగారికి ఇచ్చి ఫోను తీశాను. నలభై అయిదో రోజున ఆస్పత్రిలో తూకం అంకె కనపడేలా నేనే ఒక ఫొటో తీసుకున్నాను, గుర్తుండాలని. అంకె స్పష్టంగా ఉంది. దాని వెనక పిల్ల కూడా స్పష్టంగానే ఉంది: పట్టు గౌను, డైపరు, చేతులకి మురుగులు, కాళ్ళకి కడియాలు, గౌను పైకి లేచిన చోట వెండి మొలతాడు. పిల్ల మొదటిసారి బయటికి వెళుతోందని అత్తగారు అన్నీ వేసి పంపారు. టీకా వేశాక ఏడుపు ఆగలేదు. నర్సు గౌను విప్పబోతే నేనే, "పర్లేదండీ, అలాగే చూసెయ్యండి" అన్నాను. రెండోసారి ఆ నర్సు నన్ను అడగలేదు, ఒంటి మీద నూలుపోగు లేకుండా తూచింది.

నా భార్య కేకులు చేసుకోవడానికి కొన్న చిన్న కాటా వంటింట్లో ఉంది. అన్నీ దాని మీద పెట్టాను. వెండి నూట అరవై ఎనిమిది. గౌను, డైపరు కలిపి ఎనభై. మొత్తం రెండు వందల నలభై ఎనిమిది గ్రాములు. అంటే మొదటి బరువు 4,180 కాదు, 3,932. పద్నాలుగు రోజుల్లో పెరిగింది మూడు వందల డెబ్భై ఎనిమిది. రోజుకి ఇరవై ఏడు.

గదిలోకి వెళ్ళి చెప్పాను. గోడకి ఆనుకుని కూర్చుని విన్నది. 

"అంటే పాలు చాలుతున్నాయా?"

"మొదటినుంచీ చాలుతున్నాయి. తప్పు నాది."

"నిద్రపోతున్నదాన్ని ఎన్నిసార్లు లేపాను?"

పట్టిక చూశాను. "నలభై ఒకటి."

తల ఊపింది. అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఆవిడా ఆ చీటీ చూశారు. వెళ్ళి పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి కూతురి చేతికి ఇచ్చారు.

డాక్టరుగారికి ఫోను చేశాను. ఆవిడ ముందు ఫొటో పంపమన్నారు. చూశాక, రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోందని అడిగారు. ఏడు, ఎనిమిది అన్నాను. అది కూడా పట్టికలో రోజూ రాస్తూనే ఉన్నాను. "అది చాలు కదండీ, కడుపు నిండుతోందని చూసుకోవడానికి," అన్నారు. "రేపు ఒకసారి తీసుకురండి, ఒట్టి ఒంటితో తూచుదాం. ఈలోపు ఆ అలారం ఆపెయ్యండి. పిల్ల లేస్తే పాలు పట్టండి, తల్లిని పడుకోనివ్వండి."

నా భార్య నాతో పోట్లాడుతుందనుకున్నాను. ఆమెకి ఓపిక లేదు. దిండు సర్దుకుంటూ, "దాని గురించి తర్వాత మాట్లాడదాం," అంది. "ఏడిస్తే లేపు. ఊరికే లేపకు." గోడ వైపు తిరిగి కాళ్ళు ముడుచుకుంది. పిల్లని అత్తగారి దగ్గర్నుంచి తీసుకుని తలుపు దగ్గరికి వేశాను. ముందు గదిలో ఫ్యాను కింద కూర్చున్నాను. అత్తగారు వంటింట్లో గిన్నెలు కడగడం కూడా మానేశారు.

నా భార్య రెండూ యాభైకి పడుకుంది. పిల్ల ఆకలికి లేచి ఏడిచేసరికి ఆరుంబావు. మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు.