ఎర్రమట్టి పూసిన గోడ

కొండ దిగితే మాకు పార్వతీపురం పరాయి దేశమే. నా భార్య ఛాతీ జబ్బుకు ఆసుపత్రి దగ్గరే ఉండమన్నారు. వీధులన్నీ తిరిగితే ఒక షావుకారు భార్య గది అద్దెకిచ్చింది.

కొత్త పంట తినే పండక్కి మా ఊళ్లో గోడలకు ఎర్రమట్టి పూస్తాం. నా భార్య దగ్గుతూనే గది ముందుగోడంతా పూసింది.

"రంగేసిన గోడకి బురద రాసినావేటే?" అంది ఇంటావిడ.

"మీ ఇల్లు సల్లగుండాలని రాసినానమ్మా."

"కొండోలికి ఇల్లిస్తే ఇంతే. నువ్వే కడుగు, బేగి. నీ మొగుడు ముట్టుకున్నాడంటే గది కాళీ సేసేయండి."

గది పోతుందని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా భార్య ఆయాసపడుతూ చన్నీళ్లతో గోడంతా కడిగింది. ఇంటావిడ వేలితో రుద్ది చూసింది. మరక లేదు.

"ఇంక సామాన్లు తియ్యండి," అంది.